మా చిన్న కారు

మనుష్యుడు తన వస్తువులకు తానే యజమానుడనని తలచును. కాని కొంతకాలము గడచిన పిదప, ఆ వస్తువులే తనకు కొన్ని అలవాట్లు నేర్పినట్లు తెలిసికొనును. ఎడ్లబండి యున్న రైతు తెల్లవారక మునుపే లేచి ఎడ్లకు కుడితి పెట్టుట నేర్చుకొనును. పడవ యున్నవాడు గాలిని, నీటిని కనిపెట్టి మెలగుట నేర్చుకొనును. ఇరువదియేండ్లకు పైగా మా యింట నున్న చిన్న కారొకటి నాకు నేర్పిన సంగతులను ఈ వ్యాసమున చెప్పదలచితిని. అది గొప్ప విలువ గల కారు కాదు. వేగము గలదియు కాదు. దాని పేరు మారుతి 800. నేటి బాలబాలికలలో పలువురు దానిని చూచియే యుండకపోవచ్చును. వారి తల్లిదండ్రులను అడిగినచో మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెప్పుదురు.

ఆ కారు పుట్టుక మన దేశచరిత్రలో చెప్పదగిన సంగతి. 1980వ సంవత్సరమునకు పూర్వము మన రోడ్లపై విశేషముగా కానవచ్చిన కార్లు అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని. ఈ రెండును ఇంగ్లండు, ఇటలీ దేశములలో అంతకు చాల పూర్వమే రూపొందిన నమూనాలను బట్టి చేయబడినవి. డబ్బున్నవాడు సైతము ముందుగా సొమ్ము చెల్లించి, పేరు వ్రాయించుకొని, ఏండ్లకొలది వేచియుండవలసి వచ్చెడిది. మధ్యతరగతివానికి కారనునది కలలోని మాట. అట్టి దినములలో, 1981లో, ప్రభుత్వ యాజమాన్యమున మారుతి ఉద్యోగ్ అను సంస్థ ఏర్పడెను. మరుసటి సంవత్సరము జపాను దేశపు సుజుకీ సంస్థతో ఒడంబడిక కుదిరెను. 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి మొదటి కారు తాళపుచెవిని, దానిని కొన్న ఢిల్లీవాసికి స్వయముగా అందజేసిరి. అప్పటి ధర ఏబదివేల రూపాయల ప్రాంతమున నుండెను. నాటినుండి 2014 జనవరిలో తయారీ నిలిచిపోవువరకు, ముప్పదియేండ్లలో, 25 లక్షలకు మించిన కార్లు తయారయ్యెను. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, చిన్న వర్తకులు, పల్లెటూరి వైద్యులు తమ వంశములో మొదటిసారిగా కారు యజమానులైరి.

ఇంత చిన్న బండిలో నలుగురు మనుష్యులు సుఖముగా కూర్చుండుట ఎట్లు సాధ్యమని తొలినాళ్లలో జనులు ఆశ్చర్యపడెడివారు. దాని రహస్యము ఇంజనును అమర్చిన తీరులో నున్నది. అంబాసిడరులో ఇంజను ముందుభాగమున నిలువుగా ఉండి, పొడవైన షాఫ్టు ద్వారా వెనుక చక్రములను త్రిప్పును. ఆ షాఫ్టునకు చోటిచ్చుటకై కారు నేల నడుమ గట్టువలె ఉబ్బియుండును. మారుతిలోని ఇంజను అడ్డముగా నుండి, ముందు చక్రములనే త్రిప్పును. కావున నడుమ పొడవైన షాఫ్టుతో పని లేదు. ఆ మిగిలిన చోటు మనుష్యులకు దక్కినది. ఇంజనులో మూడు సిలిండర్లు మాత్రమే కలవు. మూడింటి పరిమాణమును కలిపినను 796 ఘన సెంటీమీటర్లు. అనగా లీటరు పాలచెంబు కన్న తక్కువ. కారు బరువు 650 కిలోల ప్రాంతము. అంబాసిడరు బరువులో ఇంచుమించు సగము. వెడల్పు మీటరున్నర కన్న తక్కువ. వెనుక అద్దము, డిక్కీ తలుపు రెండును ఒక్కటిగా పైకి లేచును. వెనుకసీటు వీపును ముందునకు వంచినచో కూర్చుండు చోటంతయు సామాను చోటుగా మారును. ఇట్టి కార్లను హ్యాచ్‌బ్యాక్‌లని అందురు.

2001వ సంవత్సరమున నేను కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడను. మా యింట ఒక స్కూటరుండెడిది. దానిపై నేను, నా భార్య, మా అమ్మాయి ముగ్గురమును సర్దుకొని పోవుచుంటిమి. కాని మా అమ్మకు మోకాళ్ళు పట్టుకొనిపోయెను. ఆమె స్కూటరుపై కూర్చుండలేదు. బస్సు మెట్టు ఎక్కలేదు. నెలకొకసారి ఆమెను పండ్రెండు కిలోమీటర్ల దూరమున నున్న అమలాపురమునకు వైద్యుని యొద్దకు తీసికొనిపోవలసి వచ్చెను. అద్దెకారును పిలిచిన ప్రతిసారి ఆమె ఆ ఖర్చును తలచుకొని, “ఈ నెల నొప్పి తక్కువగానే ఉంది, పై నెల పోదాంలే” అని దాటవేయుచుండెను. నొప్పి తక్కువగా లేదని మా కందరకును తెలియును. అందుచే మేము మూడేండ్లుగా కూడబెట్టిన సొమ్ములోనుండి 85 వేల రూపాయలిచ్చి, 1994లో తయారైన మారుతి కారునొకదానిని కొంటిమి. తెల్లని రంగు, చల్లగాలి యంత్రము లేదు, గేర్లు నాలుగే. మా అమ్మ తొలిసారి దానిలో కూర్చుండి, కాళ్ళు మెల్లగా లోనికి తీసికొని, “దీనిలోకి ఎక్కక్కరలేదురా, కూర్చుంటే చాలు” అనెను. ఆ నెలనుండి ఆమె వైద్యుని యొద్దకు పోవుట మానలేదు.

నాకు కారు నడుపుట నేర్పినవాడు మా వీథిలోని లారీ డ్రైవరు. అతడు సెలవుపై ఇంటికి వచ్చిన పది దినములలో ఉదయము, సాయంకాలము నా ప్రక్కన కూర్చుండి నేర్పెను. “మాస్టారూ! బండిని కాళ్ళతో కాదు, కళ్ళతో నడపాలి” అని అతడు మొదటి దినముననే చెప్పెను. కోనసీమ రోడ్లపై ఆ మాట ఎంత నిజమో త్వరలోనే తెలియవచ్చెను. ఒక ప్రక్కన కాలువ, మరియొక ప్రక్కన కొబ్బరితోట. నడుమనున్న రోడ్డుపై ఒకచోట ధాన్యము ఎండబోసియుండును. ఒకచోట కొబ్బరిడొక్కల లారీ నిలిచియుండును. గేదెల మందకు తొందర యుండదు. మలుపునకు ఆవల ఏమున్నదో చూడకమునుపే ఊహించి, కాలు బ్రేకుపై సిద్ధముగా నుంచుకొనవలెను. హారను మ్రోగించినంతమాత్రమున దారి మనది కాజాలదని అతడు పలుమారు చెప్పెడివాడు.

చిన్న ఇంజనును నడుపుటకు ఒక ఓర్పు కావలెను. చలికాలపు ఉదయమున అది వెంటనే అందుకొనదు. స్టీరింగు దాపున నున్న చోకును బయటికి లాగవలెను. అది కార్బురేటరులోనికి పోవు గాలిని తగ్గించి, మిశ్రమములో పెట్రోలు పాలు హెచ్చించును. ఇంజను వేడెక్కగానే దానిని లోనికి నెట్టవలెను. లేనియెడల పెట్రోలు వ్యర్థమగును, స్పార్కు ప్లగ్గులకు మసి పట్టును. నలుగురు కూర్చున్నపుడు వంతెన ఎక్కవలెనన్నచో, ఎక్కక ముందే గేరు తగ్గింపవలెను. నడుమకు పోయిన పిదప తగ్గించినచో ఇంజను ఊపిరాడనట్లు వణకును. ఎదురుగా లారీ వచ్చుచుండగా ముందున్న బస్సును దాటిపోవుదమను ఆశ ఈ కారుతో పెట్టుకొనరాదు. దానికి అంత బలము లేదు. బలము లేదని తెలిసినవాడు దూరమును సరిగా అంచనా కట్టును. ఈ విద్య నాకు గణితశాస్త్రము కన్న ఈ కారే బాగుగా నేర్పినది.

గణితోపాధ్యాయుడనగుటచే మొదటి దినమునుండియు ఒక పుస్తకములో లెక్కలు వ్రాయుచుంటిని. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మీటరులోని అంకెను వ్రాసికొని, మరల నిండా పోయించినపుడు రెండు అంకెల భేదమును లీటర్లచే భాగించెడివాడను. ఊరిలో తిరిగినపుడు లీటరునకు 15 కిలోమీటర్లు, పెద్దరోడ్డుపై నెమ్మదిగా పోయినపుడు 19 కిలోమీటర్లు వచ్చెడివి. మొత్తముపై సగటు 17. ట్యాంకు పట్టునది 28 లీటర్లే. అయినను ఒకసారి నింపినచో 400 కిలోమీటర్లకు పైగా పోవచ్చును. టైర్లలో గాలి తగ్గిన మాసమున సగటు తగ్గెడిది. గాలి పట్టించిన మాసమున హెచ్చెడిది. తరగతిలో సగటు అను పాఠము చెప్పునపుడు ఆ పుస్తకమునే తీసికొనిపోయి పిల్లలకు చూపెడివాడను. ఒకడు లేచి, “మాస్టారూ, మే నెలలో ఎందుకు తగ్గింది?” అని అడిగెను. ఆ నెలలో మా యింట పెండ్లి జరిగెను. కారు నిండ మనుష్యులు, డిక్కీ నిండ సామాను. బరువునకు, పెట్రోలునకు గల సంబంధము ఆ బాలుని ప్రశ్నతో తరగతి కంతటికిని అర్థమయ్యెను.

ఆ డిక్కీ మోయని వస్తువు లేదు. పాఠశాల గ్రంథాలయమునకు రాజమహేంద్రవరమునుండి పుస్తకముల కట్టలు ధవళేశ్వరము ఆనకట్ట మీదుగా దానిలోనే వచ్చెను. కొబ్బరికాయలు, అరటిగెలలు, చుట్టముల పెట్టెలు, పొరుగువారి కుట్టుమిషను వచ్చెను. 2003లో భీమవరములో ఒక వివాహమునకు పోవుచు, సఖినేటిపల్లి రేవులో కారును పంటుపై కెక్కించితిమి. పంటుపై అటు రెండు ఎడ్లబండ్లు, ఇటు మోటారుసైకిళ్ళు నిలిచి, నడుమ చాపంత చోటు మిగిలెను. రేవులోనివారు మా కారును చూచి, “ఇది పడుతుందండీ, రండి” అని పిలిచిరి. వెనుకనున్న పెద్దకారు తరువాతి పంటుకై ఆగవలసి వచ్చెను. గోదావరి నడుమ గాలికి అలలు లేచుచుండగా మా అమ్మాయి కారు కిటికీలోనుండి చూచి, “మన కారు ఈదుతోంది” అని చప్పట్లు కొట్టెను.

యంత్రము ఎంత చిన్నదైనను దానిని పోషించువాడు ఒకడుండవలెను. అమలాపురములో రావిచెట్టు నీడను ఒక రేకుల షెడ్డులో పనిచేయు మేస్త్రి మా కారును పోషించెను. అతడు పనిముట్టు పట్టక మునుపు ఇంజనును తిరుగనిచ్చి, కన్నులు మూసికొని వినెడివాడు. మూడు సిలిండర్లలో ఒకటి సరిగా మండనిచో ఆ చప్పుడులోని లయ తప్పును. “రెండు పాడుతున్నాయి, ఒకటి దగ్గుతోంది” అని నవ్వుచు, మసి పట్టిన ప్లగ్గును తీసి చూపెడివాడు. ఒకమారు నేను క్లచ్చి పళ్ళెమును మార్పుమని చెప్పగా అతడు మార్చలేదు. “ఇది ఇంకా రెండేళ్ళు పనిచేస్తుంది మాస్టారూ. ఆ డబ్బుతో ముందు టైర్లు మార్చండి, అరిగిపోయాయి” అనెను. తనకు రావలసిన కూలిని తానే వదలుకొని నిజము చెప్పిన ఆ మనుష్యునియందు నాకు గౌరవము నాటినుండి ఇనుమడించెను. ఆదివారము ఉదయమున చేయవలసిన నాలుగు పనులను అతడే నేర్పెను: ఇంజను నూనె మట్టము చూచుట, రేడియేటరులో నీరు చూచుట, బ్యాటరీలో శుద్ధజలము పోయుట, స్టెప్నీతో సహా ఐదు టైర్లలో గాలి చూచుట. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తీయరాదని, లోపలి ఆవిరి పొంగి ముఖమును కాల్చునని హెచ్చరించెను.

ఆ హెచ్చరిక 2006 వేసవిలో అక్కరకు వచ్చెను. అన్నవరమునుండి తిరిగివచ్చుచుండగా వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీతను సమీపించెను. వెంటనే కారును చెట్టునీడను నిలిపి, ఇంజనును ఆపి, అరగంటసేపు దానిని ముట్టుకొనలేదు. చల్లారిన పిదప చూడగా రేడియేటరును చల్లబరచు విద్యుత్తు పంకా తిరుగుట లేదు. దాని ఫ్యూజు కాలిపోయెను. డబ్బాలో నున్న క్రొత్త ఫ్యూజును పెట్టగానే పంకా తిరిగెను. కొన్ని రూపాయల విలువ గల ఆ చిన్న తునక లేనిచో వేలరూపాయల ఇంజను చెడియుండెడిది. తాను కాలిపోయి తక్కినదానిని కాపాడుటయే ఫ్యూజు పని యని మా అమ్మాయికి ఆనాడు చెప్పితిని.

ఇన్నియేండ్లలో ఆ కారు చేసిన పనులలో మా ఊరివారు నేటికిని చెప్పుకొనునది ఒకటి కలదు. 2012 నవంబరు మొదటివారమున, నీలం తుపాను వెనువెంట కోస్తా జిల్లాలలో దినముల తరబడి వానలు కురిసెను. పొలములు చెరువులయ్యెను. ఒకనాటి రాత్రి పదిగంటల వేళ, మా యింటికి నాలుగిండ్ల అవతలనుండు కొబ్బరిదింపు కార్మికుడు తలుపు తట్టెను. తొలికాన్పునకు పుట్టినింటికి వచ్చిన అతని కూతురికి నొప్పులు మొదలయ్యెను. 108 వాహనమునకు కబురు చేసిరి. అది వచ్చెను గాని, ఊరికి రెండు కిలోమీటర్ల దూరమున నిద్రగన్నేరు మహావృక్షమొకటి విద్యుత్తు తీగలతో సహా రోడ్డుకడ్డముగా పడియుండుటచే ఆవలనే నిలిచిపోయెను. తీగలలో విద్యుత్తు ఉన్నదో లేదో తెలియదు. చీకటిలో ఆ కొమ్మల నడుమనుండి గర్భవతిని మోసికొనిపోవుట ప్రమాదము.

మరియొక దారి కలదు. పంటకాలువ గట్టుపై మూడు కిలోమీటర్ల బాట యొకటి, చెట్టు పడిన చోటునకు ఆవల పెద్దరోడ్డులో కలియును. అది రెండు మీటర్ల వెడల్పునకు మించదు. ఊరిలో నున్న వ్యాను దానిపై పట్టదు. ట్రాక్టరు పట్టునేమో గాని, దాని కుదుపునకు ఆ పిల్ల తాళలేదు. “మాస్టారూ, మీ బండి పడుతుందా?” అని ఆమె తండ్రి అడిగెను. గట్టు వెడల్పు నాకు తెలియును. బండి వెడల్పును తెలియును. రెండు ప్రక్కల కలిపి రెండడుగులు కూడ మిగులదు. వానకు నానిన గట్టు అంచు జారినచో ఎడమప్రక్క నిండు కాలువ. నా భార్య అప్పటికే దుప్పటి, దిండు తెచ్చి వెనుకసీటులో పరచెను. ఆమె నా వంక చూచి ఏమియు అనలేదు. పిల్ల తలను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను.

నలుగురు యువకులు దీపములు పట్టుకొని ముందు నడచిరి. ఇద్దరు ఎడమ అంచున, ఇద్దరు కుడి అంచున. నేను వారి దీపముల నడుమ దృష్టి నిలిపి, మొదటి గేరులో, మనుష్యుడు నడచు వేగమున పోవుచుంటిని. బ్రేకు గట్టిగా నొక్కరాదు, చక్రము జారును. క్లచ్చి పలుమారు తొక్కరాదు, ఇంజను ఆగును. సగము దారిలో తూము మీదుగా నీరు పారుచుండెను. అచట కారును నిలిపితిని. పారు నీటి లోతెరుగక బండిని దింపరాదు. చీలమండలోతు నీరు నేలను కోసివేసి గోతిని దాచియుండవచ్చును. ఒక యువకుడు వెదురుగడతో అడుగడుగునకు పొడిచి చూచుచు ఆవలికి పోయి, తిరిగివచ్చి, “అడుగు గట్టిగా ఉందండీ, చీలమండ దాటలేదు” అని చెప్పెను. ఆ మాట విన్న పిదపనే కదలితిని. వెనుకనుండి ఆ పిల్ల మూలుగు, నా భార్య “అయిపోయిందమ్మా, వచ్చేశాం” అనుట తప్ప మరియేమియు వినబడలేదు. మూడు కిలోమీటర్లకు నలువది నిమిషములు పట్టెను. పెద్దరోడ్డుపై 108 వాహనపు నీలిదీపము కనబడినపుడు, ఆమె తండ్రి కారు ప్రక్కన నడచుచునే చేతులు జోడించెను. తెల్లవారుజామున అమలాపురము ఆసుపత్రిలో ఆమెకు ఆడపిల్ల జన్మించెను. ఆ బాలిక నేడు ఉన్నత పాఠశాలలో చదువుచున్నది.

ఆ రాత్రి ప్రాణము నిలిపినది వైద్యులును, 108 సిబ్బందియును. మా కారు చేసినది మూడు కిలోమీటర్ల పని. కాని ఆ మూడు కిలోమీటర్లు పెద్ద బండ్లు పోలేనివి. చిన్నతనము లోపమని తలచుట వాడుక. ఇరుకు దారిలో అదియే యోగ్యత యయ్యెను.

అట్లని ఆ కారులో లోపములు లేవని చెప్పరాదు. వైశాఖమాసపు మధ్యాహ్నమున అది ఇటుకబట్టీవలె కాగును. లారీ ప్రక్కనుండి పోయినచో గాలికి ఊగును. అంతకన్న ముఖ్యమైనది భద్రత. దాని రేకు పలుచన. ప్రమాదమున ప్రాణము కాచు గాలిసంచులు లేవు. వెనుకసీటునకు నడుముపట్టీలు లేవు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశములో అమ్ముడగుచుండిన ఐదు చిన్న కార్లను గోడవంటి అడ్డమునకు గుద్దించి పరీక్షించెను. పెద్దల రక్షణ విషయమున ఐదింటికిని సున్న నక్షత్రములే వచ్చెను. అవి మా కారు కన్న ఎంతయో క్రొత్తవి. పిమ్మట మన ప్రభుత్వము కార్ల భద్రతా నిబంధనలను కఠినము చేసెను. రెండవది పొగ. 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు, పొగలోని విషవాయువులను తగ్గించు క్యాటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి యయ్యెను. మా కారు అంతకు ముందటి సంవత్సరమున పుట్టినది. దానికి ఆ పరికరము లేదు. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు మొదలైన 13 నగరములలో క్రొత్త కాలుష్య నిబంధనలు అమలులోనికి రాగా, ఆ నగరములలో ఈ కారు అమ్మకమే నిలిచిపోయెను.

ఈ సంగతులన్నియు 2024లో మా యింట చర్చకు వచ్చెను. కారు వయస్సు ముప్పదియేండ్లు నిండెను. మన చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిమ్మట ఐదేండ్లకొకసారి పరీక్ష చేయించి, పొడిగించుకొనవలెను. 2022 ఏప్రిల్‌కు పూర్వము 600 రూపాయలుగా నున్న ఆ రుసుము 5,000 రూపాయలయ్యెను. ప్రాతకారును ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రమున అప్పగించు ఏర్పాటును వచ్చెను. ఇంజనీరుగా విశాఖపట్టణమున పనిచేయుచున్న మా అమ్మాయి సంక్రాంతికి వచ్చి, నా లెక్కల పుస్తకమును తీసి ముందు పెట్టెను.

“నాన్నగారూ, ఇరవై రెండేళ్ళ పైచిలుకులో మన బండి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. సగటు 17 అంటే దాదాపు 6,600 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మొత్తం ఎంతో మీరే చెప్పండి” అనెను.

“పదునైదు టన్నులు” అంటిని.

“అదొక్కటే కాదు. నాయనమ్మను కూర్చోబెట్టుకుని మీరు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయిన రోడ్డు కాదిది. ఇప్పుడు అందరూ ఎనభై మీద పోతున్నారు. ఎవరైనా వచ్చి గుద్దితే ఈ రేకు మిమ్మల్ని కాపాడదు.”

ఆమె చెప్పినది గణితము. వేగము రెట్టింపైనచో వాహనములోని గతిశక్తి నాలుగింతలగునని నేనే ఆమెకు చిన్ననాట చెప్పితిని. నేను మారుమాట పలుకలేదు. నా భార్య మాత్రము, “బండిని అమ్మేస్తే ఊళ్ళో రాత్రిపూట తలుపు తట్టినవాళ్ళకి ఏం చెబుతారు?” అని అడిగెను. మా అమ్మ 2009లోనే స్వర్గస్థురాలైనది. కాని ఆమె వలె మోకాళ్ళు పట్టిన వృద్ధులు మా వీథిలో నేడును నలుగురున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నాలుగు కిలోమీటర్ల దూరమున నున్నది. ఒక క్రొత్త కారు కొనుటకు మా పింఛను చాలదు. క్రొత్త కారును తయారుచేయుటకును ఇనుము, బొగ్గు, విద్యుత్తు కావలెను గదా. మూడువైపుల మాటలలోను నిజమున్నది.

తుదకు మేము ముగ్గురము కూర్చుండి మూడు నియమములు వ్రాసికొంటిమి. మొదటిది: కారును జాతీయ రహదారికి ఎక్కింపరాదు, ఊరి చుట్టుప్రక్కల తప్ప, గంటకు 40 కిలోమీటర్లకు మించి నడుపరాదు. దూరప్రయాణములకు రైలును, బస్సును కలవు. రెండవది: నడచి పోగల పనికి కారు తీయరాదు. మూడవది: ఆరునెలలకొకసారి జరుగు పొగపరీక్షలో ఒక్కమారు తప్పినను, ఇక మరమ్మతులతో కాలము గడుపక, తుక్కు కేంద్రమున అప్పగింపవలెను. మా అమ్మాయి మూడవ నియమము క్రింద నాచే సంతకము చేయించెను. మేస్త్రి కార్బురేటరును విప్పి శుభ్రపరచి, బ్రేకులు సరిచేసెను. రవాణా కార్యాలయమున అధికారి దీపములు, బ్రేకులు, హారను పరీక్షించి, చట్రముపైని సంఖ్యను సరిచూచి, మరి ఐదేండ్లకు అనుమతించెను. నాటినుండి ఆ కారు నెలకు 150 కిలోమీటర్లకు మించి తిరుగలేదు. పొగపరీక్ష పత్రములను లెక్కల పుస్తకములోనే వరుసగా అంటించుచున్నాను.

1,12,000 కిలోమీటర్లనగా భూమధ్యరేఖను దాదాపు మూడుమారులు చుట్టివచ్చినంత దూరము. అయినను మా కారు ఉభయగోదావరి సీమలు దాటి పోయినది నాలుగుమార్లే. అది లోకమును చుట్టలేదు. ఇంటినుండి ఆసుపత్రికి, బడినుండి గ్రంథాలయమునకు, రేవునుండి పెండ్లింటికి తిరిగినది. మనుష్యుని అవసరములలో ఎక్కువభాగము ఇంతటి దూరములలోనే యున్నవి. వానికి సరిపడు సాధనము చాలును. దానిని శ్రద్ధతో పోషించి, అది మోయగల బరువునే మోయించి, పోగల వేగముననే పోనిచ్చినచో, అల్పమైన సాధనము కూడ చిరకాలము సేవచేయును. దాని కాలము ముగిసినదని లెక్క చెప్పిననాడు, మమకారమును ప్రక్కకు పెట్టి, దానిని విడిచిపెట్టుటకును సిద్ధముగా నుండవలెను.

బాలబాలికలారా! మీరు పెద్దవారై నడుపబోవు కార్లు బహుశః విద్యుత్తుతో నడచును. వానికి కార్బురేటరు ఉండదు, చోకు ఉండదు, మూడు సిలిండర్ల పాటయు ఉండదు. వాని వెంట పొగ రాదు, లోపల గాలిసంచులుండును. అది మంచి మార్పు. కాని ఏ బండి యైనను తన బలమెంతయో తాను ఎరుగదు. పారు నీటి యెదుట దానిని నిలుపవలసినవాడు దానిని నడుపువాడే.